అడగకుండా పోసిన గ్లాసు

మొన్న శనివారం సాయంత్రం నాలుగూ పదికి ఒక అమ్మాయి వచ్చి, నేను కూర్చున్న బల్ల మీద అరచెయ్యంత చెక్కముక్క ఒకటి నిలబెట్టి వెళ్ళింది. దాని మీద నల్లచుక్కల చదరం ఉంది. దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి, కావలసింది ఫోన్‌లోనే నొక్కితే తెచ్చి పెడతామని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. నేను తల ఊపాను. అప్పటికే చాలాసేపుగా అక్కడ ఊరికే కూర్చుని ఉన్నాను. ఆ పబ్‌లో పాతరోజుల్లో బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు, మనమే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి అడగాలి. అది నాకు తెలిసిన నియమం. తెలిసీ కూర్చున్నాను. ఎందుకంటే ఇన్నేళ్ళలో నేను ఆ కౌంటర్ దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు. అది మా ఆయన పని. కిటికీ పక్క బెంచీ మీద గోడకి ఆనుకుని కూర్చుని పుస్తకం తెరవడం నా పని. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన లేకుండా అక్కడికి వెళ్ళడం అదే మొదలు.

అప్పుడే మా అమ్మాయి గ్రేస్, దేశం అవతలి ఒడ్డున ఉన్న శాన్ రామన్ నుంచి ఫోన్ చేసింది. "ఎక్కడున్నావ్ మమ్మీ? చాలా నాయిస్ వస్తోంది" అంది. చెప్పాను. "డాడీ పబ్‌కా? ఒక్కదానివే డ్రైవ్ చేశావా?" అంది. అవునన్నాను. ఇక్కడ ఏదో స్కాన్ చెయ్యమంటున్నారని చెప్పాను. "సో స్కాన్ చెయ్యి. ఇట్స్ ఈజీ మమ్మీ. కెమెరా ఓపెన్ చేసి జస్ట్ దానికి చూపించు." "చెయ్యడం వచ్చులేవే. ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను." "ఎవరొస్తారు?" అంది. ఎవరైనా ఆయన గురించి నన్ను అడుగుతారని వచ్చానని దానికి చెప్పలేదు. చెబితే బయల్దేరి వచ్చేస్తుంది. దాని ఉద్యోగం, పిల్లలు దానికి చాలు.

పెళ్ళయి నేను అమెరికాలో ప్లెయిన్స్‌బరో వచ్చేసరికి ఆయన అక్కడ ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నారు. అంతకుముందు రెండేళ్ళు అదే కంపెనీ ఆయన్ని ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూళ్ళో ఉంచింది. ఆ రెండేళ్ళ గురించి ఆయన ఎక్కువ చెప్పేవారు కాదు. అద్దెగది చల్లగా ఉండేదని, చలికాలం మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడేదని, ఇంటివాళ్ళు రాత్రి భోజనం వేళకి గానీ హీటర్ వేసేవాళ్ళు కాదని, అందుకని ఊళ్ళో పొయ్యి మండుతూ ఉండే ఒకే ఒక చోటికి, అంటే పబ్‌కి, వెళ్ళి కూర్చునేవాణ్ణని చెప్పారు. ఆయన సంఘకాపరి కొడుకు. బాపట్ల దగ్గర మిషన్ కాంపౌండులో పెరిగారు. కల్లుపాక ఉన్న వీధిలోంచి నడవడం కూడా వాళ్ళింట్లో తప్పే. ఆ పబ్‌లో మొదట్లో టీ ఒక్కటే తాగేవారట. "కౌంటర్ వెనకాయన నాతో మాట్లాడేవాడే కాదు సుగుణా. ఒకరోజు నేను లోపలికి అడుగుపెట్టేసరికి, అడక్కుండానే టీ పెట్టి ఉంచాడు. ఆ దేశంలో నేనున్నానని ఒక్కడికైనా తెలుసని అప్పుడనిపించింది" అన్నారు. టీ నుంచి బీరుకి ఎప్పుడు మారారో నేను అడగలేదు. నాకు తెలిసేనాటికి శనివారం ఒక గ్లాసు, ఒక్కటే తాగేవారు. దాన్ని రెండు గంటలసేపు తాగేవారు.

అప్పట్లో మా శనివారాలు ఒక పద్ధతిలో నడిచేవి. పొద్దున్న అపార్ట్‌మెంటు కింద లాండ్రీ గదిలో బట్టలు వేసేవాళ్ళం. ఆరాక మర్నాడు చర్చికి వేసుకోవలసిన చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకునేవారు. గది అంతా వేడి గుడ్డ వాసన, గంజి వాసన. నేను ఆదివారం కూరకి మసాలా నూరి, కోడిమాంసానికి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. పప్పు, అన్నం, ఆవకాయ తిని మూడింటికి కారెక్కేవాళ్ళం. మొదటి చలికాలమంతా పబ్ అని బోర్డు కట్టిన చోట్లన్నీ తిరిగాం. గుమ్మంలో ఎర్ర టెలిఫోన్ పెట్టె, గోడ మీద సింహం బొమ్మ ఉండేవి. ఆయన లోపలికి వెళ్ళి ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేవారు. "ఏమైందండీ?" అంటే, "నాలుగు టీవీలు" అనేవారు. ఇంకోచోట బీరు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉందన్నారు. రుచి తెలియకూడదనుకునేవాళ్ళే అంత చల్లగా ఇస్తారన్నారు. మరోచోట కుర్చీ లాక్కోకముందే ఒకమ్మాయి వచ్చి తన పేరు చెప్పి, ఈ పూట మీకేం కావాలన్నా నేను చూసుకుంటానంది. "మంచిదే కదండీ?" అన్నాను. "మంచిదే. కానీ పబ్‌లో మనల్ని ఎవరూ చూసుకోకూడదు. మనంతట మనమే లేచి వెళ్ళాలి. లేస్తేనే పక్కవాడు కనిపిస్తాడు" అన్నారు. నాకు విసుగొచ్చింది. "పెళ్ళిచూపులకి తిరిగినట్టు తిరుగుతున్నాం. పిల్ల నచ్చలేదని ఇంకా ఎన్ని ఇళ్ళలోంచి లేచొస్తారు?" అన్నాను. "నిన్ను చూశాక ఇంకెక్కడికైనా వెళ్ళానా?" అన్నారు. ఆ మాటకి నవ్వొచ్చి, ఆ పూట ఇంకోచోటికి కూడా వెళ్ళాం.

చివరికి అది దారి తప్పితే దొరికింది. డెలవేర్ నది దాటాక ఒక మలుపు తప్పుగా తిరిగాం. మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య రాతిగోడల ఇల్లు ఒకటి కనిపించింది. బోర్డు చిన్నది. గుమ్మం ఎంత కిందికి ఉందంటే ఆయన తల వంచి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. లోపల పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి. టీవీ లేదు, పాటలు లేవు, గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. పొయ్యి ముందు ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంది. ఎవరూ దాన్ని లేపడం లేదు, దాటుకుని వెళ్తున్నారు. గోడ మీద పలకలో ఆ పూట వండినవి మూడో నాలుగో సుద్దతో రాసి ఉన్నాయి. కౌంటర్ మీద పొడుగాటి చెక్కపిడి. దాన్ని కిందికి లాగితే నేలమాళిగలోంచి బీరు గ్లాసులోకి వస్తుంది. దాన్ని లాగుతున్నావిడ పేరు మార్గరెట్. ఇంగ్లండ్‌లో పబ్ నడిపే ఇంట్లో పుట్టి, అమెరికా ఆయన్ని పెళ్ళి చేసుకుని వచ్చి, ఆయన పోయాక ఆ ఇంటి పై అంతస్తులో తను ఉంటూ కింద పబ్ నడుపుతోంది. ఇవన్నీ మాకు చాలా నెలల తర్వాత తెలిశాయి. ఆ రోజు ఆవిడ ఆయన అడిగింది ఇచ్చి ఊరుకుంది. నాకు వేడి యాపిల్ రసం ఇచ్చింది. అందులో దాల్చినచెక్క వేసి ఉంది. మా ఆయన చివరిదాకా కూర్చున్నారు. బయటికొచ్చి కారు తాళం తీస్తూ "ఇదే" అన్నారు.

పబ్‌ల గురించి నాకు అంతకుముందు నవలల్లో చదివినదే తెలుసు. నవలల్లో అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుంది. ఇక్కడ ఏమీ జరిగేది కాదు. తడి ఉన్నికోట్ల వాసన, కట్టెల పొగ, బంగాళాదుంప వేపుడు మీద చల్లిన వెనిగర్ వాసన. రైతులు, ఒక లాయరు, బడిలో పాఠాలు చెప్పే ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఎవరినీ ఎవరికీ పరిచయం చేసేవారు కాదు. నేను గంటలకొద్దీ చదువుకుంటున్నా ఏం చదువుతున్నావని ఎవరూ అడిగేవారు కాదు. మొదట్లో అది నాకు నిర్లక్ష్యంలా అనిపించింది. మనవాళ్ళలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు. మెల్లగా ఒక సంగతి గమనించాను. కౌంటర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళకి మార్గరెట్ గ్లాసు నింపుతూ, ఆ పూట రానివాళ్ళ గురించి అడుగుతుంది. పిడి లాగినంతసేపూ అడుగుతుంది. ఫలానా ఆయన రెండు వారాలుగా లేడేం? వాళ్ళమ్మకి మోకాలు ఎలా ఉంది? రెండు వారాలు రానివాడు మూడోవారం వస్తే మాత్రం, ఎక్కడికెళ్ళావని అడగదు. గ్లాసు పెడుతుంది, అంతే. ఈ మాట ఆయనతో అన్నాను. "అదే సుగుణా. వచ్చినవాణ్ణి ఏమీ అడక్కూడదు. రానివాడి గురించి అడగాలి. మంచి పబ్ అంటే అదే. పొయ్యి, కుక్క, అవన్నీ సామాన్లు" అన్నారు.

ఆ మాట నిజమని రెండో చలికాలం తెలిసింది. వాల్టర్ అని ఒక పెద్దాయన కౌంటర్ చివర ఎత్తుపీట మీద రోజూ కూర్చునేవాడు. నది ఒడ్డున సొంత పొలం ఉంది. ఒంటరివాడు. ఒక శనివారం ఆయన రాలేదు. ముందురోజు కూడా రాలేదట. మార్గరెట్ అందరినీ అడిగింది, ఫోన్ చేసింది, ఎత్తలేదు. మా ఆయన సుధాకర్ అప్పుడు కౌంటర్ దగ్గరే ఉన్నారు. "నీ కారు గుమ్మం ముందే ఉంది కదా సుధా, వెళ్ళి చూసిరా" అంది. అడిగినట్టు లేదు, ఇంట్లోవాడికి పని చెప్పినట్టు ఉంది. వెళ్ళారు. వాల్టర్ పశువుల కొట్టంలో తుంటి విరిగి పడి ఉన్నాడు. ఒంటి మీద గడ్డి కప్పుకున్నాడు కాబట్టి ప్రాణం నిలిచిందని తర్వాత డాక్టర్లు అన్నారు. అంబులెన్స్ వచ్చేదాకా మా ఆయన తన కోటు కప్పి పక్కన కూర్చున్నారట. వాల్టర్ మూడు నెలలకి చేతికర్రతో తిరిగి వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. మార్గరెట్ గ్లాసు పెట్టింది. ఆ తర్వాత మేం వెళ్ళినప్పుడల్లా ఇంకొకటి జరిగేది. మా ఆయన తల వంచి గుమ్మం దాటేసరికే మార్గరెట్ చెయ్యి చెక్కపిడి మీద ఉండేది. ఆయన కౌంటర్ దగ్గరికి చేరేసరికి గ్లాసు సిద్ధంగా ఉండేది. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అది ఆయనకి చాలా పెద్ద సంగతి.

ఇదంతా మేం మా సంఘంలో దాచాం. ఆదివారాలు ఒక బడి హాలు అద్దెకి తీసుకుని తెలుగులో ఆరాధన జరిగేది. మా ఆయన పాటలు పాడించేవారు. శనివారం పబ్ నుంచి రాగానే కోట్లు బాల్కనీలో ఆరేసేవాళ్ళం. చలికి బిగుసుకుపోయినా సరే, పొగ వాసన పోవాలి. అయినా సంఘపెద్ద విక్టర్ గారు ఒక ఆదివారం మమ్మల్ని పక్కకి పిలిచారు. "బ్రదర్ సుధాకర్, మీ నీలం కారు నది అవతల ఆ బార్ ముందు రెండుసార్లు చూశాను. నాకెందుకులే అనుకున్నాను. కానీ అయ్యగారు వస్తున్నారు కదా. దేవుని సేవకుడి దగ్గర దాచడం నా వల్ల కాదు" అన్నారు. అయ్యగారంటే మా మామయ్యగారు. వచ్చే వారమే బాపట్ల నుంచి వస్తున్నారు. ఆరు నెలలు ఉంటారు. "చెప్పాల్సింది నేనే చెప్తాను బ్రదర్" అన్నారు.

ఇంటికొచ్చాక నాకు చెప్పారు. "ఇంకొకరి నోట వింటే నాన్నగారు తట్టుకోలేరు సుగుణా. నాతో మాట్లాడడం మానేస్తారు. అన్నయ్యతో మానేశారు." అది నిజమే. మా బావగారు తాగి వచ్చిన రోజు నుంచి ఆ తండ్రీకొడుకులకి మాటల్లేవు. బావగారు పోయేదాకా లేవు. "ముందు చోటు చూపిస్తాను. ఇంటికొచ్చి మిగతాది చెప్తాను" అన్నారు. "గ్లాసు కూడా చూపిస్తారా?" అన్నాను. "గ్లాసెలా చూపిస్తాను? ఆయన ముందు ఎప్పుడైనా కాలు మీద కాలైనా వేసుకున్నానా? ఆ పూటకి టీ చెప్తాను" అన్నారు.

మామయ్యగారు వచ్చారు. తెల్లవారుజామునే లేచి, గట్టిగా ప్రార్థన చేసేవారు. పక్క అపార్ట్‌మెంటువాళ్ళు గోడ కొట్టేవాళ్ళు. అది కూడా ఆమెన్ అంటున్నారనుకునేవారు. కొబ్బరినూనె రాసుకున్న తల మీద మంకీ క్యాప్, తెల్ల చొక్కా మీద నేను కొన్న స్వెటర్. ఉతికిన సాక్సులు హీటర్ మీద ఆరేసుకునేవారు. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. శనివారం మా ఆయన "నాన్నగారూ, అలా బయటికి వెళ్ళొద్దాం. మాకు తెలిసినవాళ్ళుండే చోటు" అన్నారు. కారులో ఆయన ముందు సీట్లో, నేను వెనక. నది దాటేటప్పుడు "కృష్ణ కంటే చిన్నది" అన్నారు మామయ్యగారు. మా ఆయన నవ్వలేదు.

ఆ గుమ్మం దగ్గర మామయ్యగారు తల వంచక్కర్లేకపోయింది. పొట్టి మనిషి. ముందు మా ఆయన వెళ్ళారు, వెనక ఆయన మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళారు. మేం అన్నీ ఆలోచించుకున్నాం గానీ మార్గరెట్ చెయ్యి సంగతి మర్చిపోయాం. మా ఆయన కౌంటర్ దగ్గరికి చేరేసరికి గ్లాసు ఉంది. నురగ అంచుదాకా ఉంది. "ఇదిగో సుధా, నీది" అంది. ఆ తర్వాతే వెనకున్న పెద్దాయన్ని చూసింది. మా ఆయన చేతులు కౌంటర్ మీద పెట్టలేదు, దించలేదు. తండ్రి వైపు తిరగలేదు. నేను బెంచీ దగ్గర నిలబడిపోయాను. అప్పుడు వాల్టర్ చెయ్యి చాపి ఆ గ్లాసు తన వైపు లాక్కున్నాడు. "నాది అక్కడ పెట్టావేం మార్గరెట్?" అన్నాడు. ఆయన ముందు అప్పటికే ఒక నిండు గ్లాసు ఉంది.

మార్గరెట్ మామయ్యగారి వైపు తిరిగి, మీకేం కావాలని అడిగింది. "టీ, ప్లీజ్" అన్నారు ఆయన, తన మిషన్ స్కూలు ఇంగ్లీషులో. ఆవిడ పైకి వెళ్ళి తన సొంత టీపాట్ తెచ్చింది. మామయ్యగారు సాసర్‌లో పోసుకుని ఊదుకుని తాగారు. ఎవరైనా నవ్వుతారేమోనని నేను చుట్టూ చూశాను. మార్గరెట్ అలాగే నిలబడిపోయింది. "మా తాతయ్య ఇలాగే తాగేవాడు. ఆయన పోయాక ఇలా తాగినవాళ్ళని చూడలేదు" అంది. నేను తెలుగులో చెప్పాను. "మరి వేడిగా ఇస్తే ఎలా తాగుతారమ్మా?" అన్నారు ఆయన. భోజనం వచ్చాక అలవాటుగా లేచి నిలబడ్డారు. కళ్ళు మూసుకుని, బాపట్ల చర్చిలో చివరి వరసకి వినిపించే గొంతుతో ప్రార్థన చేశారు. వండిన చేతుల్ని, ఈ ఇంటి యజమానురాల్ని, ఆ కర్ర పట్టుకున్న పెద్దాయన కాలిని, ఈ కుక్కని కూడా ఆశీర్వదించమన్నారు. గదిలో గడియారం తప్ప చప్పుడు లేదు. లాయరు టోపీ తీశాడు. చివర వాల్టర్ "ఆమెన్" అన్నాడు. తర్వాత వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని, మీ దగ్గర ఏం పండుతుందంటే మీ దగ్గర ఏం పండుతుందని మాట్లాడుకున్నారు. మినుములంటే ఏమిటో వాల్టర్‌కి చెప్పడానికి ఆయన చాలా అవస్థపడ్డారు. కుక్క వచ్చి ఆయన కాళ్ళ మీద పడుకుంది.

తిరిగొచ్చేటప్పుడు కారు నది దాటింది.

"ఆ కర్రాయన రెండు గ్లాసులు ఎందుకు తాగాడ్రా?" అన్నారు మామయ్యగారు.

"ఒకటి నాది నాన్నగారూ."

"తెలుసు. నన్నేం కావాలని అడిగింది. నిన్ను అడగలేదు."

"ఇంటికెళ్ళి చెబుదామనుకున్నాను."

"ఇప్పుడే చెప్పు."

మా ఆయన కారు పక్కకి ఆపి చెప్పారు. ఇంగ్లండ్‌లో చల్లటి గది సంగతి, టీ సంగతి, శనివారం ఒక గ్లాసు సంగతి, వాల్టర్ పడిపోవడం, అన్నీ. పెద్దగా వివరించలేదు, ఏదీ దాచలేదు. మామయ్యగారు అద్దంలోంచి బయటికి చూస్తూ విన్నారు. "తప్పేరా. నేను ఒప్పుకోను. చచ్చేదాకా ఒప్పుకోను" అన్నారు. "సరే నాన్నగారూ" అన్నారు మా ఆయన. నేను వెనక సీట్లో బావగారిని తలుచుకున్నాను. కాసేపటికి మామయ్యగారే అడిగారు.

"రెండు వారాలు నువ్వు వెళ్ళకపోతే, నీ గురించి ఎవరైనా అడుగుతారా అక్కడ?"

"అడుగుతారు."

"నిజంగానా?"

"ఆవిడ ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే ఎవరినో ఒకరిని పంపిస్తుంది."

"మరి మన సంఘంలో?"

మా ఆయన కారు స్టార్ట్ చేశారు. మామయ్యగారు మళ్ళీ అడగలేదు. "మీ అన్నయ్యకి అలాంటి చోటు ఒకటుంటే..." అని మొదలుపెట్టి ఆపేశారు. ఆ కొడుకు గురించి ఆయన మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

ఇంటికొచ్చాక నేను కోట్లు బాల్కనీలోకి తీసుకెళ్తుంటే, బయటెందుకమ్మా అన్నారు. పొగ వాసన పోవడానికని చెప్పాను. తన స్వెటర్ వాసన చూసుకున్నారు. "నాది లోపలే ఉండనీ" అన్నారు. మర్నాడు చర్చికి అదే వేసుకొచ్చారు. విక్టర్ గారు వందనాలు చెప్పి, ఆయన్ని గోడ పక్కకి తీసుకెళ్ళి, "అయ్యగారూ, చెప్పడం నా బాధ్యత. అబ్బాయి కారు నిన్న కూడా..." అని మొదలుపెట్టారు. "నేనూ ఉన్నాను బ్రదర్ ఆ కారులో. వాసన చూడండి" అని స్వెటర్ చెయ్యి చాపారు మామయ్యగారు. విక్టర్ గారు నిజంగానే వాసన చూశారు. ఆ రోజు వాక్యం చెప్పడానికి లేచినప్పుడు మామయ్యగారు ముందుగా, "ఈ పూట రానివాళ్ళెవరు?" అని అడిగారు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చాలాసేపటికి ఒకావిడ, ఫలానా వాళ్ళ పాపకి జ్వరమనుకుంటా, అంది. అనుకుంటా అంటే కుదరదు, కనుక్కోమన్నారు ఆయన. ఆవిడ హాలు బయటికి వెళ్ళి ఫోన్ చేసి వచ్చేదాకా వాక్యం మొదలుపెట్టలేదు.

ఆ ఆరు నెలలూ ప్రతి శనివారం ఆయన మాతో వచ్చారు. కుక్క తన కోసం చూస్తుందనేవారు. మా ఆయన గుమ్మం దాటగానే మార్గరెట్ అలవాటు ప్రకారం గ్లాసు నింపేది. వాల్టర్ అలవాటు ప్రకారం లాక్కునేవాడు. మా ఆయన టీ తాగేవారు. మామయ్యగారు అటు చూడనట్టే ఉండేవారు. ఆ ఆరు నెలల్లో వాల్టర్ బాగా ఒళ్ళు చేశాడు. చివరి శనివారం మామయ్యగారు వాల్టర్ భుజం మీద చెయ్యివేసి, "ఇంక నీది నువ్వు తాగు. మావాడిది మావాణ్ణి తాగనీ" అన్నారు. తెలుగులో అన్నారు. వాల్టర్‌కి ఏం అర్థమైందో తెలియదు, తల ఊపాడు. మా ఆయన నన్ను అనువదించమని అడగలేదు. బయటికి వెళ్ళి కారు దగ్గర నిలబడ్డారు.

వాళ్ళంతా వెళ్ళిపోయారు. మామయ్యగారు, వాల్టర్, కుక్క, దాని తర్వాతి కుక్క. మార్గరెట్ మోకాళ్ళు పనిచెయ్యక పబ్ అమ్మేసి, ఇంగ్లండ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. కొత్తగా కొన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. రాతిగోడలు, గుమ్మం అలాగే ఉంచారు. పొయ్యిలో గ్యాస్ పెట్టారు. టీవీ ఒక్కటే పెట్టారు. మా ఆయన వెళ్తూనే ఉన్నారు. కౌంటర్ దగ్గరికి వెళ్తే, మీ సీటు దగ్గరే ఆర్డర్ చెయ్యొచ్చు సర్ అనేవాళ్ళు. పరవాలేదు, లేచాను కదా అనేవారు. తర్వాత జబ్బు చేసింది. మంచం మీద ఉన్న మొదటి రెండు శనివారాలు గడిచాక, ఒక సాయంత్రం "ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడిగారు. గ్రేస్ చేసిందన్నాను. "గ్రేస్ కాదు" అన్నారు. లేదన్నాను. "కొత్తవాళ్ళు కదా" అన్నారు. మళ్ళీ అడగలేదు. ఫోన్ మాత్రం దిండు పక్కనే పెట్టుకునేవారు.

మొన్న గ్రేస్ ఫోన్ పెట్టేశాక నేను స్కాన్ చేశాను. వేడి యాపిల్ రసం ఉంది. నొక్కాను. ఆ అమ్మాయి తెచ్చి పెట్టింది. దాల్చినచెక్క వేశారు. రుచి అదే. నా చుట్టూ ఉన్న పిల్లలు హాయిగా నవ్వుకుంటున్నారు. వాళ్ళకి తక్కువైందేమీ లేదు. సగం తాగాక లేచాను. కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆయన నిలబడే చోట నిలబడ్డాను. చెక్కపిడి ఇంకా ఉంది, అలంకారానికి. లోపలున్న అబ్బాయి, "మీకేం కావాలన్నా టేబుల్ దగ్గరికే వస్తుంది మేడమ్" అన్నాడు. తెలుసన్నాను. నా భర్త శనివారాలు ఇక్కడికి వచ్చేవారని, ఇక రారని, పోయారని చెప్పాను. ఆ అబ్బాయి చేతిలో పని ఆపి, అయామ్ సో సారీ అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయన పేరేమిటో, ఎలా ఉండేవారో అడుగుతాడేమోనని కాసేపు నిలబడ్డాను. అతని చేతి దగ్గర స్క్రీన్ మోగింది. వెనక్కి వచ్చి మిగిలిన సగం తాగి, పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

వచ్చే శనివారం కూడా వెళ్తాను. వెళ్తే ఏమీ అడగరు, అది మంచిదే. కానీ అక్కడ ఇప్పుడు ఎవరూ లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళరు. రానివాళ్ళ గురించి ఎవరూ అడగరు.